నింగలూ తీరంలో మాకు సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి, పగడాల దిబ్బలున్న నింగలూ తీరంలోని ఎక్స్‌మౌత్ ఊరి దాకా దాదాపు 1,250 కిలోమీటర్లు, ఆపైన కేప్ రేంజ్ నేషనల్ పార్కు. పిల్లలతో, కారవాన్‌తో (కారు వెనక లాక్కెళ్లే ఇంటి బండి) వెళ్లిన మాకు దారి పొడవునా చేయందించిన వాళ్లలో చాలామంది పేర్లు కూడా తెలియవు. అందుకే అందరికీ కనిపించేలా రాస్తున్నాం. మీరు చెప్పిన సంగతుల్ని వివరంగా రాసిపెడితే ఈ చలికాలం అటు బయలుదేరే వాళ్లకీ పనికొస్తాయి.

మొదటి నమస్కారం మినిల్యా దగ్గర ఎండలో నేల మీద పడుకుని మా కారవాన్ చక్రం విప్పిన మెకానిక్ అన్నకి. ఆగిన ప్రతిచోటా హబ్‌ల (చక్రాల నడిమి భాగాల) వేడి చూసుకోమని ఆయన చెప్పిన మాట బంగారం. ఎండ పడే వైపు కాస్త ఎక్కువ ఉండటం మామూలే. ఒక్క చక్రం మాత్రం మిగతావాటి కన్నా 20, 30 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే అక్కడే ఆగాలి. జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పితే గరగరమంటే బేరింగ్, పట్టి పట్టి తిరిగితే బ్రేకు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్ వదులు కూడా తెలిసిపోతుంది. బేరింగ్ ఒక్కటే మార్చి పాత కప్పు (బేరింగ్ కూర్చునే బయటి వలయం) ఉంచేస్తే కొత్తదీ త్వరగానే పోతుంది. బేరింగ్, కప్పు, సీలు, స్ప్లిట్ పిన్ను అన్నీ కలిపే మార్చాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, తర్వాత వదులు చేసి, మళ్లీ వేళ్లతో బిగించినంత మటుకే ఉంచాలి. మరీ బిగిస్తే బేరింగ్ వేడెక్కుతుంది. ఆస్ట్రేలియా ట్రైలర్లలో ఎల్ఎమ్, ఎస్ఎల్ అని రెండు రకాల బేరింగులు ఎక్కువ. చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, ఒకదాని బదులు ఇంకోటి పట్టదు. మీ బండిది ఏదో ఇంట్లోనే తెలుసుకుని ఒక పూర్తి కిట్టు వెంట పెట్టుకోండి. చక్రం బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లకి చక్రం నట్లు మరోసారి టార్క్ రెంచ్‌తో చూడాలి.

కార్నార్వన్‌లో తమ తూకం ఇచ్చి మా బాల్ వెయిట్ (కారు వెనక కొక్కెం బాల్ మీద పడే కారవాన్ బరువు) చూసిపెట్టిన పెద్దాయనకీ, వారి శ్రీమతిగారికీ. నిండా సామానుతో 2,000 కిలోలున్న కారవాన్‌కి బాల్ మీద 200 కిలోల దాకా పడాలన్నది వారి లెక్క. కేప్ రేంజ్‌లో తాగునీరు దొరకదు కాబట్టి అందరూ ట్యాంకు నింపుకునే వెళ్తారు. ఆ ట్యాంకు ఇరుసుకి వెనక ఉంటే ముందు బరువు తగ్గి, 53.5 మీటర్ల దాకా ఉండే రోడ్ ట్రైన్ (వరుసగా ట్రైలర్లు తగిలించిన లారీ) పక్కనుంచి దాటగానే బండి ఊగుతుంది. ఊగితే కారు బ్రేకు తొక్కకండి. కారులో ఉండే కారవాన్ బ్రేకు కంట్రోలర్ మీది మీటతో కారవాన్ బ్రేకు మాత్రం వేయండి. బరువైన సామాను ఇరుసు మీదికి, కొంచెం ముందుకి జరపడమే అసలు మందు. బండిలోని యూహెచ్ఎఫ్ రేడియో (వాకీటాకీ లాంటిది) 40వ ఛానల్‌లో పెట్టుకోండి, రోడ్ ట్రైన్ డ్రైవర్లు అందులోనే మాట్లాడతారు. తిరుగు దారిలో దక్షిణపు గాలి ఎదురొస్తుంది, డీజిల్ ఎక్కువే తాగుతుంది.

క్యాంపు చూసుకునే వాలంటీర్ దంపతులకి మా పిల్లల తరఫున కూడా కృతజ్ఞతలు. పగడాలు చూస్తూ ఈదే టర్కోయిస్ బేలో నీళ్లు ఉత్తరానికి లాగుతాయని వాళ్లే చెప్పారు. కాబట్టి ఒడ్డు వెంట దక్షిణంగా నడిచి, అక్కడ దిగి, తేలుతూ వచ్చి, ఇసుక మేట రాకముందే గట్టెక్కాలి. ఆ మేట దాటితే పగడాల దిబ్బలోని ఖాళీ గుండా నీళ్లు బయటి సముద్రంలోకి పోతాయి, మనిషినీ లాక్కుపోతాయి. ఈత అంతగా రాని పిల్లలకి అలా నీటి వాలుకి తేలడం వద్దు, పక్కనే ఉన్న ప్రశాంతమైన బే వైపు చాలు. పగడాలు చూసే ఇంకో చోటు ఆయిస్టర్ స్టాక్స్‌లో పోటు 1.2 మీటర్లకి తగ్గితే దిగకూడదు. పగడాలు పొట్టకి తగిలేంత పైకి ఉంటాయి. మన కాళ్లు చీరుకుంటాయి, ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ కాళ్లకి తొడుక్కునే ఒక్క ఫిన్ దెబ్బకి విరుగుతుంది. చర్మానికి ఎండ క్రీము పూసే బదులు పిల్లలకి పొడవు చేతుల రాష్ వెస్ట్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) వేయించమన్నారు, అదే నయం.

2025 మొదట్లో సముద్రం వేడెక్కి నింగలూ పగడాలు చాలా తెల్లబడ్డాయి. తెల్లబడిన పగడం అప్పటికే చచ్చిపోయినట్టు కాదు, దానిలో బతికే నాచు బయటికి పోయినట్టు. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకోగలదు. ఆ సంగతి మా పిల్లలకి ఓపిగ్గా చెప్పిన రేంజర్ అక్కకి మేం ఎంతో రుణపడి ఉన్నాం. ఇప్పుడు వాళ్లకి వాళ్లే ఏ పగడం మీదా కాలు ఆనించరు.

పిల్లల సైజు మాస్కులు అరువిచ్చిన పక్క సైటు కుటుంబానికి: అవి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, క్యాంపు వాలంటీర్ల దగ్గర ఉంచాం. చాలా సంతోషం.