అంకణం ఎన్ని అడుగులో ఫోనుకెవరు చెబుతారు?

సంపాదకుడు గారికి,

ఏఐతో ఇంటి పనులు, ఆఫీసు పనులు ఎలా చక్కబెట్టుకోవచ్చో మీ పత్రికలో వస్తున్న వ్యాసాలు చదువుతున్నాను. రాసేవాళ్లంతా కంప్యూటర్ ఉద్యోగాల వాళ్లలాగే ఉన్నారు. నెల్లూరులో చెట్టు కింద బల్ల వేసుకున్నవాడి దగ్గరికి ఆ ఏఐ ఎట్టా వచ్చి చేరిందో కూడా ఎవరో ఒకరు రాయాలి కదా అని ఈ ఉత్తరం.

నేను దస్తావేజు లేఖరిని. 34 ఏళ్లుగా ఇదే పని. మామూలు రోజుల్లో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట ఉంటాను. సోమవారం అర్జీలు తీసుకుంటారు కాబట్టి ఆ రోజు బల్ల కలెక్టరేటు దగ్గరికి మారుతుంది. 1998లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లకెక్కినప్పుడు ‘ఇంక మీ పని గోవిందా’ అన్నారు. కాలేదు. కలం పోయి డీటీపీ వచ్చింది, అంతే. అందుకని కొత్త యంత్రమంటే నాకు బెదురూ లేదు, పగా లేదు.

ఏడాదిగా అర్జీలు ఫోన్లోనే తయారై వస్తున్నాయి. వాట్సాప్ తెరిస్తే నీలం రంగు గుండ్రం ఒకటి ఉంటుంది, దాన్ని అడుగుతారు. చాట్‌జీపీటీ అనేవాళ్లు, జెమిని అనేవాళ్లు కూడా ఉన్నారు. నోటితో చెబితే చాలు, రాసిచ్చేస్తుంది. తెలుగు బాగుంటుంది. నిజం చెప్పాలంటే నా తెలుగుకన్నా శుభ్రంగా ఉంటుంది. ఒత్తులు పోవు, పొల్లులు పోవు. జనం ప్రింటు తీయించుకుని నా బల్ల మీద పెట్టి ‘ఒకసారి చూసి పెట్టు పెద్దాయనా, చాలు’ అంటారు. చూసి పెట్టినందుకు ఇరవై రూపాయలు. రాసిపెడితే వచ్చేదానిలో నాలుగో వంతు లేదు. అయినా చూస్తాను.

మొన్న ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి పంచుకునే భాగపరిష్కార దస్తావేజు ముసాయిదా తెచ్చారు. చిన్నవాడు ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తాడు, అంతా అతనే ఫోన్లో రాయించాడట. హద్దులు బాగున్నాయి, షరతులు బాగున్నాయి. వాళ్ల నాయన కొన్న 1979 నాటి క్రయ దస్తావేజులో ఇంటి స్థలం 40 అంకణాలు. అంకణమంటే స్థలాన్ని కొలిచే మన పాత కొలత. ముసాయిదాలో అది 1440 చదరపు అడుగులైంది. అంటే అంకణానికి 36 అడుగుల లెక్క కట్టింది. తిరుపతి వైపు అంకణం అంతే. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. సెంటుకు దాదాపు ఆరు అంకణాలని ఇక్కడ ఇళ్ల స్థలాల బ్రోకరు ఎవరినడిగినా నిద్రలో చెబుతాడు. ఆ స్థలం 2880 అడుగులు, 320 గజాలు. కాగితం మీద సరిగ్గా సగం కరిగిపోయింది. అదే రిజిస్టరయి ఉంటే, రేపు వాళ్ల పిల్లలు ఆ మిగతా సగం ఎవరిదని కోర్టు మెట్లెక్కేవాళ్లు.

‘అది చెప్పింది కదా’ అన్నాడు చిన్నవాడు. ‘నెల్లూరులో 72 అని చెప్పి మళ్లీ అడుగు’ అన్నాను. అడిగాడు. వెంటనే ‘క్షమించండి, మీరు చెప్పింది నిజమే’ అని మొత్తం మార్చిచ్చింది. నాకు కుదురు లేదు కదా, ‘నెల్లూరులో అంకణం 100 అడుగులని చెప్పి చూడు’ అన్నాను. దానికీ క్షమాపణ చెప్పి 4000 అడుగులు చేసిచ్చింది! నా సర్వీసులో ఏ గుమాస్తా ఇంత తొందరగా తప్పు ఒప్పుకోగా చూడలేదు. ఒప్పుకున్న తప్పు మీద ఇంకో తప్పు చేయడం మాత్రం చాలామందిలో చూశాను.

మా మనవరాలు బీటెక్ చదువుతోంది. ‘అది కొలిచి చెప్పదు తాతయ్యా, ఇంతవరకు జనం రాసినవాటిలో ఏ మాట తర్వాత ఏ మాట ఎక్కువగా వస్తుందో దాన్నిబట్టి అల్లుతుంది’ అంది. అప్పుడు నాకు సంగతి బోధపడింది. మన అంకణం ఉండేది పాత దస్తావేజుల్లో, మేస్త్రీల నోళ్లలో. దానికి అవి ఎక్కడ దొరుకుతాయి?

కోవూరులో వ్యవసాయం చేసే మా అల్లుడిది ఇంకో కథ. వ్యాపారి పుట్టికి (పుట్టి ధాన్యం కొలత) చెప్పిన రేటు క్వింటాలుకు ఎంత పడుతుందని ఫోన్ని అడిగితే, పుట్టి అంటే 20 తూములని మొదలుపెట్టి, తూము ఎంతో చెప్పి, ఏదేదో లెక్క తేల్చింది. పాత లెక్కల పుస్తకం ప్రకారం 20 తూముల మాట తప్పు కాదు. కానీ నెల్లూరు కాటా మీద పుట్టి 850 కిలోలు. మా ఇంటామె నెల్లూరు చేపల పులుసు అడిగితే కొబ్బరి పాలు పొయ్యమంది, మామిడికాయ ముక్కల ఊసే లేదు. ఆమె ఫోను పక్కన పెట్టేసి మళ్లీ ముట్టుకోలేదు. పులుసు పాడైతే ఒక పూట పోతుంది, భూమి కాగితం అట్టా కాదు.

దీనికన్నా నన్ను ఎక్కువ తొలిచింది ఒక ముసలామె అర్జీ. ఆత్మకూరు వైపు నుంచి మనవడితో వచ్చింది. నాలుగు పేజీలు, సుప్రీంకోర్టు మాట కూడా ఉంది. అందులో ‘పహాణీ’ అనుంది, ‘ధరణి’ అనుంది, రెండెకరాల పన్నెండు గుంటలనుంది. భూమి రికార్డులకు, కొలతలకు ఇవన్నీ తెలంగాణ మాటలు. మనకు అడంగల్, 1బి, మీభూమి, సెంట్లు. సరే, మాటలు మార్చొచ్చు. ‘అమ్మా, ఆ భూమి ఎవరి పేరునుంది?’ అని అడిగాను. ‘మా ఆయన పేరున నాయనా, ఆయన పోయి ఆరేళ్లయింది’ అంది. ఆ నాలుగు పేజీల్లో భర్త చనిపోయిన సంగతి ఒక్క ముక్క లేదు. భూమిని రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత జాబితాలోంచి తీయమని రాసుంది. ఆమె భూమి ఏ జాబితాలోనూ లేదు. కావలసింది వారసుల పేరున మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు. ఇంతా చేస్తే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పెట్టి ఊళ్లో సచివాలయంలో దరఖాస్తు ఇస్తే మొదలయ్యే పని. ఆ అబ్బాయి ‘భూమి మా పేరున రావడంలేదు’ అని మాత్రం చెప్పాడట. అది ఎందుకు రావడంలేదని అడగకుండా రాసేసింది. దానికి ముందు రెండు సోమవారాలు ఆమె బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చి, అదే అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని వెళ్లింది.

మా పనిలో రాయడం చివరి అయిదు నిమిషాలు. ముందు అరగంట అడగడమే. తూర్పున ఎవరు, ఆ బావిలో వాటా ఎంత, పెళ్లయిపోయిన ఆడబిడ్డ సంతకం పెడుతుందా, లింకు డాక్యుమెంటు, అంటే అంతకు ముందు దస్తావేజు, ఎక్కడుంది. అడిగితే విసుక్కుంటారు కూడా. ఫోను విసిగించదు. ఆ సుఖానికే జనం అలవాటు పడుతున్నారని నాకనిపిస్తుంది.

నేనూ వాడతాను, దాచేదేముంది. ఇన్సూరెన్సు వాళ్ల ఇంగ్లీషు లెటర్లు, వకీలు నోటీసులు తెలుగులో ఏమన్నాయో చెప్పించుకుంటాను. ఇదివరకు దానికోసం వకీలు గుమాస్తా ఖాళీ అయ్యేదాకా కాచుక్కూర్చునేవాణ్ణి. కానీ ‘నాకు రాసిచ్చే ముందు పది ప్రశ్నలడుగు’ అని మొదటే చెబుతాను. అట్టా చెబితే అడుగుతుంది, బాగానే అడుగుతుంది. ఈ కిటుకు మనవరాలిదే. ఇంకొకటి, ఆధార్ కార్డు, పాసుపుస్తకం ఫొటోలు తీసి దానిలో పెట్టేస్తున్నారు. నా బల్ల ముందు ఆధార్ జిరాక్సు మర్చిపోతే వెనక్కొచ్చి పోట్లాడి తీసుకెళ్లే మనుషులే ఈ పని చేస్తున్నారు.

నా మనవి రెండు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో స్టాంపు డ్యూటీ పట్టిక పక్కనే మన జిల్లా కొలతల పట్టిక ఒకటి గోడకు కొట్టించాలి. మీరు కూడా జిల్లా పేజీలో వారానికొకసారి మన కొలతలు, మన రెవెన్యూ మాటలు, వాటి అర్థాలు అచ్చువేయాలి, మీ వెబ్‌సైటులో కూడా ఉంచాలి. మనుషులు చదువుతారో లేదో గానీ, మనవరాలు చెప్పినదాన్నిబట్టి చూస్తే ఆ యంత్రమైనా చదువుకుంటుంది.

ఉత్తరం పొడవైంది. చోటు చాలకపోతే చేపల పులుసు సంగతి తీసేయండి. 72 మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి (పేరు వేయవద్దని మనవి),
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు