ఇంజన్ దించే ముందు ఒక్కసారి క్లచ్ తొక్కి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత బండ్లు నడిపేవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను, వీలైతే వేయండి. బానెట్ కింద టకటకమని చప్పుడు రాగానే "ఇంజన్ అయిపోయింది, దించాల్సిందే" అనేస్తున్నారు కొందరు మెకానిక్‌లు. మనం టెన్షన్ పడి సరేనంటున్నాం. ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎప్పుడెప్పుడు వస్తోంది అని ఎవరూ చూడట్లేదు, నా బాధంతా అదే.

నా మాన్యువల్ గేర్ల కారుకు 20 ఏళ్లు దాటాయి. ఆ మధ్య బండి ఆపి న్యూట్రల్‌లో ఉంచితే చాలు, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. మొదట చూసినాయన ఐదు నిమిషాల్లో బిగ్ ఎండ్ బేరింగులు (పిస్టన్‌కు తగిలించిన కాన్‌రాడ్ కింది చివర ఉండేవి) పోయాయని తేల్చేశాడు. రెండో ఆయన పెద్దాయన, పానా కూడా ముట్టుకోకుండా నన్ను సీట్లో కూర్చోబెట్టి క్లచ్ తొక్కమన్నాడు. తొక్కాను, చప్పుడు ఆగింది. వదిలాను, మళ్లీ వచ్చింది. అలా నాలుగైదుసార్లు చేయించి, తేడా ఇంజన్‌లో కాదు దాని వెనకాల ఉందన్నాడు. గేర్‌బాక్స్ దించి చూస్తే క్లచ్ ప్లేటు మధ్యలో ఉండే స్ప్రింగుల్లో ఒకటి విరిగి గూట్లో వదులుగా ఆడుతోంది. ఆ ముక్క నా చేతిలో పెట్టాడు, కొట్టుకుని కొట్టుకుని అంచులు నున్నగా మెరుస్తున్నాయి. మొదటాయన మాట విని ఉంటే బేరింగులు కొత్తవి వేయించుకుని అదే చప్పుడుతో ఇంటికొచ్చేవాణ్ణి.

న్యూట్రల్‌లో క్లచ్ తొక్కితే ఆగిపోయే చప్పుడు సాధారణంగా క్లచ్ ప్లేటుదో, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇరుసు) బేరింగుదో అయి ఉంటుంది. తొక్కినప్పుడే మొదలైతే పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగును అనుమానించాలి. ఇంజన్ వెనక ఉండే బరువైన చక్రం, అదే ఫ్లైవీల్, దాని బోల్టులు వదులైనా అచ్చం ఇంజన్ బేరింగు పోయినట్టే మోగుతుంది, అదీ చూడమనండి.

క్లచ్‌తో ఏ మార్పూ లేకపోతే అప్పుడు ఇంజన్ సంగతి. పెద్ద గేర్లో స్పీడ్ లేకుండా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు వినబడి, ఒక గేరు తగ్గించగానే పోతే అది పెట్రోలు సరిగ్గా మండక వచ్చే నాకింగ్. ఆక్టేన్ తక్కువైన పెట్రోలు, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందుకు జరగడం, లోపల పేరుకున్న కార్బన్, ఇంజన్ మరీ వేడెక్కడం, కారణం వీటిలో ఏదైనా కావచ్చు. ఇంజన్ దించకుండానే చాలావరకు సరిచేయొచ్చు, కానీ చిన్న చప్పుడే కదా అని నెలల తరబడి వదిలేస్తే పిస్టన్లు దెబ్బతింటాయి. చల్లగా ఉన్నప్పుడు మోగి వేడెక్కాక తగ్గేది పిస్టన్‌కీ బోరుకీ (అది ఆడే సిలిండరు గోడకీ) మధ్య సందు పెరగడం వల్ల అయి ఉండొచ్చు, దానికి కంగారు లేదు. పైనుంచి వచ్చే తేలికపాటి టిక్‌టిక్ వాల్వులను ఆడించే ట్యాపెట్లది, అయితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్ లీకైనా అలాగే ఉంటుంది.

నిజంగా భయపడాల్సింది అడుగు నుంచి వచ్చే బరువైన చప్పుడుకి. ఇంజన్ వేడెక్కి ఆయిల్ పల్చబడేకొద్దీ అది పెరుగుతుంది, రేస్ ఇచ్చి వదిలిన క్షణంలో ఇంకా బాగా తెలుస్తుంది. ఒక్కో సిలిండరుకు కరెంటు ఆపి చూస్తే ఎక్కడ చప్పుడు తగ్గుతుందో అక్కడి కాన్‌రాడ్ బేరింగు (అంటే బిగ్ ఎండ్) మీద అనుమానం (ఇది మెకానిక్ చేయాల్సిన పని, మీరు ప్లగ్ వైర్లు పట్టుకోకండి). దాంతోపాటు ఆయిల్ లైటు కూడా వెలిగిందా, అక్కడే ఇంజన్ ఆపేసి బండిని లాగించుకెళ్లండి, షెడ్డు దగ్గర్లోనే ఉంది కదా అని నడపొద్దు. షెడ్డులో ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టించండి, పాత ఆయిల్ ఫిల్టర్ మీ ఎదుటే కోయించి లోపల మెరిసే లోహపు రజను ఉందేమో మీ కళ్లతో చూడండి. ఇంజన్ దించే మాట ఆ తర్వాతే.

ఇట్లు,
ఒక పాఠకుడు