విలేకరికి ప్రకటనల టార్గెట్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారములు.

మా శాఖా గ్రంథాలయంలో నాలుగు దినపత్రికలు ఒకే బల్లమీద ఉంటాయి. గత ఎన్నికలప్పుడు ఒకే బహిరంగసభ ఒక పత్రికలో వేదికమీది నుంచి తీసిన ఫొటోతో జనసంద్రమైంది, పక్క పత్రికలో వెనుక వరుసల ఖాళీ కుర్చీలతో వెలవెలబోయింది. పార్టీ అభిమానం పైకి కనిపించేదే కనుక పాఠకుడు ఎంతో కొంత తరుగు తీసి చదువుకుంటాడు. కనిపించనిది డబ్బు.

2009 ఎన్నికల్లో అభ్యర్థుల సొమ్ముతో ప్రచారాన్ని వార్తలుగా అచ్చువేసిన తీరుపై పత్రికల నడవడిని చూసే ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో పాత్రికేయుడు పరంజయ్ గుహ ఠాకుర్తాతోపాటు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్‌రెడ్డి సభ్యులు. పత్రికల పేర్లతో సహా వారు రాసిన 71 పుటల నివేదికను కౌన్సిల్ 2010లో పక్కనపెట్టి, పేర్లు లేని చిన్న నివేదికతో సరిపెట్టింది. పూర్తి ప్రతి బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసివచ్చింది. ఊరందరి దాపరికాన్నీ నిలదీసేవారి ఇంటి సంగతి ఇది! అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ శాసనసభ్యురాలు ఉమ్లేష్ యాదవ్ ఇలాంటి వార్తల ఖర్చును లెక్కల్లో చూపనందుకు ఎన్నికల సంఘం ఆమెపై మూడేళ్ళ అనర్హత వేటు వేసింది. పత్రికల విషయంలోనైతే 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం మందలింపు, అభిశంసనలకు మించిన అధికారం ఎవరికీ ఇవ్వలేదు.

నిందను మండల విలేకరి మీదికి నెట్టడం తేలిక. చాలాచోట్ల ఆయనకు నెలజీతం ఉండదు, అచ్చయిన వార్త కొలతను బట్టి వచ్చే లైన్ అకౌంటే ఆధారం. పైగా ఆగస్టు 15కో, పత్రిక వార్షికోత్సవానికో ప్రకటనల టార్గెట్ ఉంటుంది. జనవరి 1న ఏ రైసుమిల్లు యజమానిని బతిమాలి శుభాకాంక్షల ప్రకటన తెచ్చాడో, ఆ మిల్లు ఊకబూడిద ఇళ్ళమీద పడుతోందని ఫిబ్రవరిలో ఎలా రాయగలడు? నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు రాశాడు. అచ్చు కాలేదు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు అతని గొంతులో కోపం కూడా లేదు, అలవాటైపోయిందన్నమాట.

ప్రకటనల సేకరణను విలేకరుల నుంచి పూర్తిగా తప్పించి వేరే సిబ్బందికి అప్పగించాలని, సొమ్ము పుచ్చుకున్న ప్రతి అంశం మీదా ‘ప్రకటన’ అన్న మాటను శీర్షికంత అక్షరాలతో వేయాలని మీ పత్రికను కోరుతున్నాను. వార్తలా కనిపించే ప్రకటనకు ఇప్పుడు మూలన వేసే ‘అడ్వర్టోరియల్’ అన్న మాట చదవడానికి నాకు కళ్ళజోడు చాలడం లేదు.

స్థలాభావం ఉంటే ఈ లేఖను కుదించవచ్చు గాని, మండల విలేకరి గురించిన పేరాను తీసివేయవద్దని మనవి.

భవదీయుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా