తక్కెడగాడు మోసపోయిన ముచ్చట

హనుమకొండ
ఆదివారం, కరెంటు పోయిన మధ్యాహ్నం

ఒరేయ్ బక్కోడా,

ముందు తిట్టకు. నీ ఫోన్ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఎత్తలేదు, తప్పు నాదే. మార్చిలో ఒక ఉత్తరం సగం రాశాను కూడా. వాల్యుయేషన్ డ్యూటీ గడబిడలో ఆ కాగితం ఏ బండిల్‌లో కలిసిపోయిందో. ఏ పిల్లగాడి జవాబుపత్రంతో పాటు దానికీ మార్కులు పడ్డాయేమో! మీ బావమరిది ఇవాళ సాయంత్రమే మస్కట్‌కు బయలుదేరుతున్నాడని తెలిసి గబగబా కూర్చున్నాను. ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. సగంలోనే నవ్వి మొత్తం చెడగొడతావు.

వార్తలు ఒక్క ముక్కలో: అమ్మ మోకాలు అట్లనే ఉంది, చిన్నోడు పది పాసయ్యాడు, మార్కులు అడగకు, ఎండ 44 దాటింది. అయిపోయాయి.

ఇక అసలు ముచ్చట. నేను మోసపోయాను. అదీ దేంట్లో? తూకంలో! కాజీపేట స్టేషన్‌లో నీ చెప్పుల సంగతి తర్వాత ఇంత పరువు పోవడం మళ్లీ ఇప్పుడే.

అమ్మ మిద్దె తోట నీకు తెలుసు. నువ్వు చూసినప్పుడు పన్నెండు సంచులు, ఇప్పుడు నలభై దాటాయి. వంకాయ, టమాట, పుంటికూర, చుక్కకూర, పిట్టగోడ మీదికి పాకిన బీరపాదు. నిరుడు కొన్న సంచులు ఒక్క ఎండాకాలానికే అప్పడాల్లా పెళపెళమని చినిగాయి. అందుకని ఈసారి గ్రోబ్యాగులు కొనేముందు నా తెలివి వాడాను. బ్యాగు మీద 260 జీఎస్ఎం అని ఉంటుంది చూడు, చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములుందో ఆ లెక్క. సాంపిల్‌కు ఒక్క బ్యాగు తెచ్చి, దాంట్లో పది సెంటీమీటర్లకు పది సెంటీమీటర్ల ముక్క కత్తిరించి కాలేజీ ల్యాబులో త్రాసు మీద పెట్టాను. ఆ ముక్క చదరపు మీటరులో నూరో వంతు కదా, వచ్చిన గ్రాములను నూరుతో గుణిస్తే సరి. 1.7 గ్రాములు వచ్చింది. అంటే 170! ఇంకో దుకాణంలో తెచ్చిన ముక్క 2.4 తూగింది. దాని మీద 240 అనే రాసి ఉంది. నిజాయితీ గల బ్యాగురా అది, చూస్తే దండం పెట్టబుద్ధయింది. అవే ముప్పై తెచ్చాను. స్టాఫ్‌రూంలో అందరికీ చెప్పుకున్నాను. మా కెమిస్ట్రీ సార్ అయితే ఆ ముక్క పర్సులో పెట్టుకున్నాడు.

అక్కడే నా నెత్తికెక్కింది.

తర్వాత పైపు. పాతది లోపల నీళ్లు కనబడే తెల్లది. వెలుతురు పడితే లోపల నాచు పడుతుందని కొన్నప్పుడు తెలియదు, రెండేళ్లకు పచ్చగా పాముకుబుసంలా తయారైంది. ఎండకు బిగుసుకుపోయి నల్లా మూతి దగ్గర ఊరికే విరుగుతుంది. విరిగినప్పుడల్లా జానెడు కోసి మళ్లీ బిగించడం, అట్ల కోసి కోసి ఆఖరికి బీరపాదు దాకా అందకుండా అయింది.

సరే అని వరంగల్ చౌరస్తాకు పోయాను. ఒట్టి చేతుల్తో కాదు. నువ్వు మస్కట్ నుంచి తెచ్చిచ్చిన కొక్కెం త్రాసుతో. నవ్వకు.

మూడు దుకాణాలు తిరిగాను. అన్నీ అరంగుళం పైపులే, అన్నీ 30 మీటర్ల చుట్టలే. మొదటిది 750 రూపాయలు, 3.1 కిలోలు తూగింది, కాలిన టైరు వాసన. రెండోది 950, 4.6 కిలోలు, నిగనిగలాడే పచ్చరంగు. మూడోది 1,400, నడుమ దారపు అల్లిక ఉన్నది, 3.9 కిలోలు. నేను చుట్టను కొక్కేనికి తగిలించి పైకెత్తుతుంటే రెండో దుకాణాయన గల్లాపెట్టె మీద మోచేతులు పెట్టుకుని, "సార్, ఇది పైపా, మటనా?" అన్నాడు. పక్కనున్న హమాలీలు ఒకటే నవ్వు. నేను పట్టించుకోలేదు. మనసులో లెక్కేశాను: ఇది కిలో 207 రూపాయలు పడుతుంది. అల్లిక పైపు కిలో 359. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? బరువుందంటే సరుకుందని! 950 ఇచ్చి భుజాన వేసుకొచ్చాను.

ఇంట్లో టేపు పెట్టి కొలిచాను, 27 మీటర్ల 40 సెంటీమీటర్లు. పొడవు తక్కువ, బరువు ఎక్కువ. అప్పుడైనా అనుమానం రావాలి కదరా? రాలేదు. పైగా పొడవు తగ్గినా ఇంత బరువుందంటే మీటరుకు ఇంకా గట్టి సరుకన్నమాట అని మురిసిపోయాను. మా ఆవిడ ఏదో అనబోయి ఊరుకుంది.

మూడు వారాలు కాలేదు. మెట్ల మలుపు దగ్గర, పిట్టగోడ మూల దగ్గర పైపు మడతపడి నీళ్లు ఆగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే మోటరు మొరాయిస్తే మెకానిక్ తాతను పిలిచాను. ఆయన మిద్దె మీదికొచ్చి పైపు కాలికి తగిలి ఆగాడు. వంగి ఒక మూర చేతిలోకి తీసుకుని రెండు చేతుల్తో గుర్రపు నాడాలా వంచాడు. వంపు మీద తెల్లటి గీత వచ్చింది. చేయి వదిలాడు, పైపు తిన్నగైంది గాని గీత పోలేదు. దాని మీద గోటితో గీరి, వేలు నాకు చూపించి, "సుద్ద మస్తు కలిపిండ్రు సార్. బరువు చూసి కొన్నరా ఏంది?" అన్నాడు.

బరువు చూసి కొన్నరా ఏంది! పద్దెనిమిదేళ్ల సంది సాంద్రత పాఠం చెబుతున్న నన్నురా!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ల్యాబులో పైపు ముక్కను చిన్నచిన్నగా కోసి, తూచి, కొలజాడీలో వేశాను. బుడగలు పోయేదాకా తట్టి చూస్తే 32 గ్రాములకు నీళ్లు 20 మిల్లీలీటర్లు పెరిగాయి. అంటే సాంద్రత 1.6. ఇట్లాంటి పైపులు చేసే ప్లాస్టిక్, మెత్తటి పీవీసీ, మామూలుగా 1.2 నుంచి 1.35 దాకా ఉంటుంది, సుద్ద 2.7. ఇక చెప్పేదేముంది. కొంత సుద్ద చాలామంది కలుపుతారు, అది తప్పేం కాదు, కొంచెం గట్టిదనం కూడా వస్తుంది. మితిమీరితే మాత్రం వంచినచోట సుద్ద రేణువుల చుట్టూ ప్లాస్టిక్ విడిపోయి సన్న సన్నటి ఖాళీలు పడతాయి. మనకు తెల్లగీతగా కనబడేది అదే. సుద్ద చవక, బరువు జాస్తి. నాలాంటి తూకం వీరుల కోసమే తయారుచేసినట్టుంది ఆ పైపు. ఇంకో సంగతి, బ్యాగుల బట్టలో కూడా సుద్ద కలపొచ్చట. అంటే నా నిజాయితీ గల 240... వద్దు, దాని జోలికి నేను పోను.

ఇదంతా నవ్వులాట గాని ఒకటి మాత్రం నవ్వురాలేదు. ఇంటికొచ్చి ఆ పైపు విప్పేద్దామని చుట్ట తీస్తుంటే, పిట్టగోడ మూలన మూడుచోట్ల పాత చీర పేలికలతో కట్లు కట్టి ఉన్నాయి. పైపు ఎప్పుడో పగిలింది. నేను అంత గొప్పలు చెప్పుకున్నానని అమ్మ నాకు చెప్పలేదు. కుండీలకు చెంబుతో మోస్తోందట, ఆ మోకాలితో. నేను అడిగితే "మంచి పైపే బిడ్డా, జర ఎండకు..." అని... సరే, వదిలెయ్.

మర్నాడే మళ్లీ చౌరస్తా. మూడో దుకాణంలో అడుగుపెట్టగానే పనిపిల్లగాడు లోపలికి కేకేశాడు, "త్రాసు సార్ వచ్చిండు!" ఈసారి త్రాసు ఇంట్లోనే పెట్టిపోయాను, మా ఆవిడ ఒట్టు వేయించుకుంది. అల్లిక పైపు వంచి చూశాను, గీత లేదు. కొస కోసిన దగ్గర గోడ మందం చుట్టూ ఒకేలా ఉందా, ఒకపక్క పలచనై ఇంకోపక్క దళసరిగా ఉందా చూశాను. వాసన చూశాను. ఆ పిల్లగాడు నాలుగు వేళ్లంత ముక్క ఒకటి ఊరికే ఇచ్చాడు, దాన్నీ కొలజాడీలో ముంచాననుకో, 1.27. నల్లరంగు తెచ్చాను, నాచు గొడవ ఉండదని. కాకపోతే మధ్యాహ్నం దాంట్లో నిలిచిన నీళ్లు చాయ్ కాచినట్టు వస్తాయి, మొదటి రోజే చుక్కకూర మడి ఒకటి వడలిపోయింది. ఇప్పుడు ముందు బకెట్ నీళ్లు వదిలి తర్వాత మొక్కలకు పట్టాలి.

ఆ రోజే నల్లా కూడా అడిగాను. దుకాణాయన అయస్కాంతం తీసి, "అంటుకోలేదు చూడండి సార్, అసలు ఇత్తడి" అన్నాడు. జింకు మిశ్రమంతో పోసిన చవక నల్లాకూ అయస్కాంతం అంటదు కదరా! తిప్పి, మర దగ్గర పూత లేనిచోట చూశాను. పసుపు కనబడలేదు, బూడిదరంగు. ఏమీ అనకుండా ఇంకోటి చూపించమన్నాను. ఆయన కూడా ఏమీ అనకుండా కింది అరలోంచి తీశాడు, అప్పుడు మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్న చూపు... హాస్టల్ మెస్ మేనేజర్‌ది, నీదీ చూపు లాంటిదే అనుకో.

ఇంకా కోకోపీట్ ఇటుక, అదే కొబ్బరిపొట్టు ఇటుక, కథ ఉంది. ఉప్పు పోవడానికి అమ్మ దాన్ని రెండుసార్లు కడిగిందని నేను గొణిగితే ఆమె ఏమన్నదంటే

అరే, మీ బావమరిది వచ్చేశాడు. బ్యాగు బరువెక్కువైందట, నీ త్రాసే కావాలట. మామిడి తొక్కు సీసా తీసేద్దామంటున్నాడు. ఒక్క చొక్కా తీయమంటాను గాని తొక్కు తీయనివ్వను. పోవాలి

నీ
తక్కెడగాడు