ముద్దుతో ముప్పు కాదు మహాప్రభో!

సంపాదకుల వారికి,

మే 31న మీ జిల్లా పేజీలో ‘ముద్దుతో మెదడుకు ముప్పు!’ అని ఎర్రక్షరాలతో ఒక బాక్సు ఐటం వేశారు. పక్కన లిప్‌స్టిక్ పూసిన పెదవుల బొమ్మ. ముద్దు పెట్టుకుంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వస్తుందన్నట్టు రాశారు. చదివిన రోజే రాద్దామని కాగితం తీశాను. కోపం మీద రాస్తే బాగుండదని మా ఆవిడ ఆపింది. రోహిణి కార్తె కూడా వెళ్లిపోయింది గానీ నా వేడి మాత్రం దిగలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మీ తప్పులు. 2025 ఏప్రిల్‌లో ఈ జబ్బు మీద పని చేసినందుకు ఇద్దరికి కలిపి బ్రేక్‌త్రూ ప్రైజ్ అనే పెద్ద సైన్సు బహుమతి ఇచ్చారు. మీరు ఆ ఇద్దరినీ ఒక్కడిని చేసి ‘హార్వర్డ్ డాక్టర్ హాసర్ కనిపెట్టిన ముద్దు వైరస్’ అని రాశారు. స్టీఫెన్ హాసర్ నరాల డాక్టరు. ఉండేది శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో. వైరస్ సంగతి తేల్చింది హార్వర్డ్‌లో ఉన్న ఆల్బెర్తో అషేరియో, ఆయన బృందం. ఇల్లు ఒకరిదీ, ఇంటిపేరు ఇంకొకరిదీ! ఎమ్మెల్యే గారి ఇంటిపేరులో ఒక్క ఒత్తు పోతే మర్నాడు సవరణ వేసే మీరు, వీళ్ల విషయంలో ఇంత ధారాళంగా ఉండటం చూస్తే ముచ్చటేసింది.

నేను ముప్పై ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా మలేరియా స్లైడులు చూసి రిటైరైన మనిషిని. డాక్టర్ని కాను. కానీ అషేరియో వాళ్ల పని గురించి చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. అమెరికా సైన్యంలో చేరినవాళ్లకు హెచ్ఐవీ పరీక్ష కోసం చేరగానే ఒకసారి, తర్వాత రెండేళ్లకోసారి రక్తం తీస్తారు. మిగిలిన సీరం, అంటే రక్తం పేరుకున్నాక పైన తేలే నీరు, పారబోయకుండా మంచులా గడ్డకట్టించి దాచారు. అలా 1993 నుంచి 2013 దాకా కోటి మందికి పైగా సైనికుల లెక్క దొరికింది. వాళ్లలో 955 మందికి సర్వీసులో ఉండగా ఈ జబ్బు వచ్చింది. సరిపడా సీరం ఉన్న 801 మందిని చూస్తే, ఎంగిలితో పాకే ఎప్‌స్టైన్-బార్ వైరస్ (మీరు ‘ముద్దు వైరస్’ అన్నది దీన్నే) సోకకుండానే జబ్బు వచ్చినవాడు ఒకే ఒక్కడు. ఆ వైరస్ కొత్తగా సోకినవాళ్లకు జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. అలాగే ఎంగిలితో పాకే ఇంకో వైరస్‌తో పోల్చి చూస్తే దానితో ఏమీ పెరగలేదు. నరాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్ కూడా ఈ వైరస్ సోకాకే పెరిగింది, అంతకుముందు కాదు. 2022 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో వేశారు. మేము పని చేసిన చోట ఫ్రిజ్‌లో వ్యాక్సిన్ల పక్కన స్టాఫు టిఫిన్ డబ్బాలుండేవి. ఇరవై ఏళ్ల సీరం దాచడమంటే ఏమిటో నాకు తెలుసు.

ఇంత పని చేసినవాళ్లు ‘ముద్దు పెట్టుకుంటే ఈ జబ్బు వస్తుంది’ అని ఎక్కడా అనలేదు. ఆ వైరస్ పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఉన్నదే. మన దేశంలో చిన్నతనంలోనే చాలామందికి సోకి ఉంటుంది. చిన్నప్పుడు చొక్కా కొసలో చుట్టి కాకెంగిలి చేసిన జామకాయ పంచుకు తిన్నవాళ్లందరికీ ఉంటుంది. నాకూ ఉంటుంది, ఆ ఐటం రాసిన మీ విలేకరికీ ఉంటుంది, ఆ పెదవుల బొమ్మ వెతికి పెట్టినాయనకూ ఉంటుంది. అంతమందిలో ఏ కొద్దిమందికో మాత్రమే, ఇంకేవేవో తోడై, ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే దారితప్పి మెదడు, వెన్నుపాము నరాల మీది మైలిన్ తొడుగును కొరికేస్తాయి. రొయ్యల గుంట దగ్గర నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ కేబుల్‌ను పందికొక్కు కొరికితే ఏమవుతుందో అల్లూరు వైపు రైతులను అడగండి. కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగుతుంది. ఈ జబ్బు కూడా అంతే. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకునేది కాదు. ఈ ఒక్క వాక్యం మీ బాక్సులో లేదు. బొమ్మకు చోటు చాలింది, దీనికి చాలలేదు.

దాని ఫలితం చెబుతాను. మా చెల్లెలి కూతురికి నాలుగేళ్లుగా ఈ జబ్బు ఉంది. చెన్నైలో ఉద్యోగం మానుకుని ఇంటికొచ్చి పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. మీ ఐటం వచ్చిన వారంలో ఎనిమిది మంది పిల్లల్లో ముగ్గురు మానేశారు. ఒకావిడ ఫోన్ చేసి ‘ఏమనుకోకమ్మా, మావాడు నీ గ్లాసులో నీళ్లు తాగాడంట’ అని ఏడుపు గొంతుతో అడిగింది. సొంత నాయనమ్మ ఆ పిల్ల కంచం విడిగా పెట్టింది. ఆమె తప్పు పట్టను, పేపర్లో పడింది గదా! ఇంకొందరు దీనికి తిరగేసి అడుగుతున్నారు, ‘మందు వచ్చేసిందంట గదా, ఇంకా ఎందుకు వాడటం లేదు?’ అని. మీరు ‘మందు దొరికింది’ అని కూడా రాశారు గదా. హాసర్ చేసింది ఏమిటంటే, ఒంట్లో కాపలా కణాల్లో తప్పంతా టి రకం కణాలదేనని అందరూ అనుకునే రోజుల్లో బి రకం కణాలను పట్టుకోవడం. ఆ దారిలో వచ్చిన ఓక్రెలిజుమాబ్ అనే మందుకు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది జబ్బును అదుపులో పెడుతుంది, తిరగబెట్టడం తగ్గిస్తుంది. పూర్తిగా పోగొట్టదు. పోయిన మైలిన్‌ను తెచ్చివ్వదు.

ఆ పిల్ల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొంచెం చెప్పనీయండి. మొదట ఒక కన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి. చుక్కల మందు రాసిచ్చారు. దానంతటదే తగ్గింది. ఏడాదికి నడుము కింద తిమ్మిరి. వాళ్లది కనిగిరి వైపు ఊరు. ఇంకేం, చూసిన డాక్టరల్లా ‘మీ వైపు ఫ్లోరైడ్ నీళ్లు గదా’ అనేశాడు. ఒకరు బీ12 ఇంజెక్షన్లు, ఒకరు గాలి సోకిందని తాయెత్తు. చివరికి చెన్నైలో ఎంఆర్ఐ తీస్తే మెదడులో మచ్చలు కనపడ్డాయి. ఐదు రోజులు స్టెరాయిడ్ సెలైన్లో ఎక్కించారు. ఫ్లోరైడ్ అన్న డాక్టర్లనూ పూర్తిగా తప్పు పట్టలేను. ఎముకలు పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోవడం మా వైపు కొత్త కాదు. ఆ మాటకొస్తే దేశంలో ఈ ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట 1937లో షార్ట్ అనే దొర, ఆయన తోటి వైద్యులు పత్రికకెక్కించింది మన పాత నెల్లూరు జిల్లా నుంచే. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు కిందే ఉండేవి. అచ్చయి ఎనభై ఏళ్లు దాటాయి. మా చెల్లెలి వీధికి ఈ ఎండాకాలం కూడా ట్యాంకరే వచ్చింది. పరిశోధన అచ్చువేస్తే అధికారులు చదువుతారని ఎవరైనా అంటే నన్ను కలవమనండి.

వికలాంగుల సర్టిఫికెట్ కోసం తిరిగిన తిరుగుడు ఇంకో కథ. 2016 చట్టంలో వైకల్యాల జాబితాను 7 నుంచి 21 చేశారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు పెట్టి మరీ రాశారు. క్యాంపులో కూర్చున్నాయనకు ఆ పేరు పలకడం రాలేదు. ‘కాలు పోలేదు, కన్ను పోలేదు, నడుచుకుంటూ వచ్చావు, మరేందమ్మా నీకు?’ అన్నాడు. క్యాంపు పెట్టింది రేకుల షెడ్డులో. ఒళ్లు అలిస్తే ఈ జబ్బువాళ్లకు చూపు మసకబారుతుందని 1890లోనే ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు రాశాడు; ఒళ్లు వేడెక్కినా లక్షణాలు పెరుగుతాయని తర్వాత తేలింది. పన్నెండు దాటేసరికి పిల్లకు కాళ్లు మొండికేశాయి, కన్ను మసకేసింది. ఇద్దరం పట్టుకుని ఆటో ఎక్కించాం. అప్పుడు చూసి ఉంటే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లేమో, కానీ సారు భోజనానికి లేచారు. దరఖాస్తు మా కందుకూరు నుంచి పెట్టాం. 2022లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. దాంతో ఒంగోలు వాళ్లు నెల్లూరు పొమ్మన్నారు, నెల్లూరు వాళ్లు ‘అమ్మాయి ఆధార్‌లో ప్రకాశం ఉంది’ అన్నారు. జబ్బు ఏ జిల్లాదో మాత్రం ఎవరూ అడగలేదు, సంతోషం.

‘ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బుకు ఇంత రాద్ధాంతమా’ అంటారేమో. మంగళూరు పట్టణంలో డాక్టర్ లేఖా పండిట్ వాళ్లు లెక్కకట్టి 2014లో అచ్చువేస్తే లక్షకు ఎనిమిది మందికి పైగా తేలారు. ఆ లెక్క మనకు అచ్చంగా సరిపోతుందని నేననను. సగం సరిపోయినా, 2011 జనాభా లెక్కల్లో 29 లక్షలు దాటిన ఉమ్మడి నెల్లూరు జిల్లాలో వంద మందికి పైగా ఉండాలి. వాళ్లలో ఎంతమంది తాయెత్తులతో తిరుగుతున్నారో, ఎంతమంది కంచాలు మీ ఐటం తర్వాత విడిగా పెట్టారో ఎవరు లెక్కకడతారు?

వెనకటికి మీ పత్రికలో వారానికోసారి సైన్సు పేజీ వచ్చేది. గ్రహణం గురించి మీరు వేసిన బొమ్మ కత్తిరించి మా ల్యాబ్ గోడకు అంటించాను. ఇప్పుడు ఆ పేజీ లేదు. రాశిఫలాలు మాత్రం రోజుదొకటి, వారానిదొకటి.

మీరు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ‘ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటదు’ అని అదే జిల్లా పేజీలో, అదే సైజు ఎర్రక్షరాలతో, అదే చోట వేయండి. తప్పొప్పుల పట్టిక మూలన చీమ తలకాయంత అక్షరాలతో వేయకండి. ట్యూషన్ మానేసిన ముగ్గురి ఇళ్లకూ మీ పత్రికే వస్తుంది, కనుక్కునే రాస్తున్నాను. కత్తిరించి నేనే తీసుకెళ్లి ఇస్తాను.

నా పేరు వేయకండి. పిల్లకు సంబంధాలు చూస్తున్నాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
కందుకూరు.