స్టేషన్‌లో పెట్టే తుపాకీకి తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

ఎన్నికల కోడ్ వచ్చిందంటే చాలామంది లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తుంది. 2024లో మార్చి 16న షెడ్యూలు వస్తే ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. అంటే రెండున్నర నెలల పైమాటే. వెనక్కి తెచ్చుకున్నాక గొట్టంలో తుప్పు కనబడితే అందరూ స్టేషన్ వాళ్లనే అంటారు. చాలాసార్లు ఆ తుప్పు ఇంటి నుంచే వెళ్తుంది.

పలమనేరు, కుప్పం వైపు అడవిపందుల బెడదకు రైతులు పెట్టుకునే, మూతి నుంచి మందు కూరే తుపాకుల్లో వాడేది నల్లటి తుపాకీ మందు (బ్లాక్ పౌడర్). అది కాలాక మిగిలే మసిలో పొటాషియం లవణాలుంటాయి, అవి గాలిలో తేమను పీల్చుకుంటాయి. వాటిని నూనె కరిగించదు. పైన ఎంత పూసినా కింద తుప్పు పని తుప్పు చేసుకుపోతుంది. కాబట్టి ముందు నీళ్లు, తర్వాతే నూనె.

అన్నిటికంటే ముందు లోపల మందు ఉందో లేదో చూడాలి. గజాన్ని, అంటే మందు కూరే కడ్డీని, గొట్టంలోకి దించి మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడండి. అడుగుదాకా చేరకుండా పైనే ఆగిందంటే లోపల మందు ఉన్నట్టే. అప్పుడు కడగడం మాట అటుంచి, లైసెన్సున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఖాళీ అని తేలితే నిపిల్ (పేలే టోపీ తొడిగే చిన్న గొట్టం) విప్పి, గొట్టం అడుగు వేడినీళ్ల బకెట్లో ఉంచి, గజానికి గుడ్డ చుట్టి పైకీ కిందికీ ఆడించాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చాలి. నీళ్లు వేడిగా ఉంటే ఇనుము త్వరగా ఆరుతుంది. పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పలచగా పట్టించాలి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు చెడుతుంది.

పాత కుటుంబాల్లో అక్కడక్కడా ఉన్న లివర్ రైఫిళ్ల (ట్రిగ్గర్ దగ్గరి లివర్ ఆడించి తూటా ఎక్కించేవి) సంగతి వేరు. వాటిలో చాలావాటికి తూటాలు గొట్టం కింది ట్యూబులో ఉంటాయి. చాంబర్ (పేలేముందు తూటా కూర్చునే చోటు) ఖాళీగా కనబడినా నమ్మకుండా లివర్ పదేపదే ఆడించి, ట్యూబులో తూటాలను నెట్టే ఫాలోవర్ కంటికి కనబడేదాకా చూడాలి. మార్లిన్ కంపెనీది అయితే లివర్ స్క్రూ ఒక్కటి విప్పితే చాంబర్‌ను వెనకనుంచి మూసే బోల్టు వెనక్కి వచ్చేస్తుంది, వెనకనుంచి తుడవొచ్చు. ఖాళీ తూటాను బయటికి విసిరే ఎజెక్టర్ జారిపడుతుంది, చూసుకోండి. వించెస్టర్ 94 రకం రైఫిల్‌ను మూతి వైపునుంచే తుడవాలి. కడ్డీ మూతి అంచును ఒరుసుకుంటే గురి పాడవుతుంది. పోత సీసం గుళ్లు కాల్చిన గొట్టంలో సీసం పొరలు అంటుకుని, వాటి కిందే తుప్పు పెరుగుతుంది. ఇత్తడి బ్రష్షుకు రాగి పీచు చుట్టి రుద్దితే సీసం రేకుల్లా రాలుతుంది. దుమ్ము పీల్చకండి, చేతులు కడుక్కోండి. అన్నట్టు, తూటాలు ఇంట్లో తయారు చేసుకోవచ్చన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవాలి. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద దానికి వేరే లైసెన్సు కావాలి.

తోలు సంచిలో పెట్టి ఇవ్వకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. మూతిలో గుడ్డ కుక్కకండి. అది లోపల మరిచిపోయి పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, చీలనూవచ్చు.

అధికారులకు ఒక మనవి. రసీదులో తుపాకీ నంబరుతోపాటు గొట్టం లోపలి స్థితి కూడా రాయించండి. నెలకోసారి మీ ఎదుటే నూనె గుడ్డతో తుడుచుకోనివ్వండి. అయిదు నిమిషాల పని.

తిరిగి తెచ్చుకున్నవాళ్లు వాడేముందు గొట్టంలోని నూనెంతా పొడిగుడ్డతో తీసేయాలి. నిపిల్‌లో నూనె చేరితే మందు అంటుకోదు.

- ఒక పాఠకుడు, చిత్తూరు