వాల్వ్ కొనేముందు ఇది చదవరా

రమణా,

ఫోన్ చేద్దామనుకున్నా గానీ, ఇది బండి దగ్గర నిలబడి ఒక్కొక్కటీ చూసుకోవాల్సిన సంగతి. అందుకే రాస్తున్నా. లారీకి ట్రెయిలర్ తగిలిస్తే చాలు ఎయిర్ బ్రేకుల్లో గాలి నిలవడం లేదని, రిలే వాల్వ్ (పెడల్ తొక్కగానే ట్రెయిలర్ బ్రేకులకు ట్యాంకులోని గాలి వదిలేది) మార్చేస్తానని అన్నావు. కాస్త ఆగు. అసలు గాలి ఎప్పుడు పోతోందో ముందు చూడు.

చదునైన చోట ఆపి చక్రాలకు అడ్డు పెట్టు. బ్రేకులు వదిలేసి బండి కిందకి దూరతావు కాబట్టి ఇందులో బద్ధకం వద్దు. గాలి ఒత్తిడి 120 పీఎస్ఐ దాకా ఎక్కాక ఇంజన్ ఆపి, లారీదీ ట్రెయిలర్‌దీ పార్కింగ్ బ్రేకు నాబ్‌లు రెండూ లోపలికి నొక్కి గేజ్ చూడు. ట్రెయిలర్‌తో కలిపి నిమిషానికి 3 పీఎస్ఐ కంటే ఎక్కువ పడకూడదు. తర్వాత పెడల్ తొక్కిపట్టు. తొక్కగానే తగ్గేది వదిలెయ్, ఆపైన నిమిషానికి 4 దాటకూడదు.

పెడల్ తొక్కినప్పుడే బుస్సుమంటే లీకు సర్వీసు వైపు, అంటే పెడల్‌తో పనిచేసే బ్రేకుల వైపు ఉన్నట్టే: నీలం హోస్, లేదా చక్రం దగ్గరి బ్రేకు చాంబర్ లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్). తొక్కకపోయినా పోతుంటే ట్రెయిలర్‌కి గాలి నింపే ఎర్ర హోస్, ట్యాంకులు, స్ప్రింగ్ బ్రేకుల (గాలి పోతే స్ప్రింగ్ బలంతో పట్టే పార్కింగ్ బ్రేకుల) వైపు వెతుకు. గ్లాడ్ హ్యాండ్ (లారీ హోస్‌ని ట్రెయిలర్‌కి కలిపే జాయింట్) రబ్బర్లు ముందు చూడు, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. మిగతా జాయింట్ల మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలే చెప్తాయి.

నీ విషయంలో నా అనుమానం వేరే. రిలే వాల్వ్ ఎగ్జాస్ట్ నుంచి గాలి వస్తోందన్నావు కదా, ట్రెయిలర్ నాబ్ లాగితే అది ఆగుతోందా? ఆగితే వాల్వ్ మంచిదే అయ్యుండొచ్చు. స్ప్రింగ్ చాంబర్ లోపలి సీల్ పోతే, స్ప్రింగ్‌ని నొక్కి ఉంచే గాలి సర్వీసు హోస్‌లోకి జారి, వెనక్కి వచ్చి వాల్వ్ ఎగ్జాస్ట్‌లోంచి బయటపడుతుంది. చూసేవాడికి వాల్వే పాడైనట్టు ఉంటుంది. నాబ్ నొక్కి ఉంచి, చాంబర్ల సర్వీసు హోస్‌లు ఒక్కొక్కటే విప్పి చూడు. ఏ చాంబర్ రంధ్రంలోంచి గాలి వస్తే అదే మార్చాలి.

ఇంకోమాట, గట్టిగా చెప్తున్నా. స్ప్రింగ్ చాంబర్ క్లాంప్ విప్పకు. లోపలి స్ప్రింగ్ మనిషిని చంపేయగలదు. స్ప్రింగ్‌ని కదలకుండా పట్టి ఉంచే కేజింగ్ బోల్ట్‌తో బిగించి, మొత్తం చాంబర్‌నే మార్పించు.

పనిలో పనిగా ట్యాంకుల డ్రెయిన్ తిప్పు. నీళ్లొస్తే గాలిలో తేమ తీసే డ్రయ్యర్, నూనె వస్తే గాలి నింపే కంప్రెసర్ చూపించాలి. బ్రేకు అరిగేకొద్దీ తనంతట తానే సర్దుకోవాల్సిన ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్‌ని మాటిమాటికీ చేత్తో బిగించాల్సి వస్తుంటే, బిగించి ఊరుకోకు. బుషింగో, క్యామ్‌షాఫ్టో, అడ్జస్టరో అరిగిపోయుంటుంది.

ఏ చాంబర్ దగ్గర దొరికిందో రాయి. అది తేలేదాకా లోడ్ మాత్రం ఎత్తుకోకురా.

నీ
సుబ్బు